బి కణాల్లోని ‘బి’ ఎముక మజ్జది కాదండీ, కోడిపిల్లది

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో రోగనిరోధక శక్తి మీద వచ్చిన వ్యాసం ఇంటిల్లిపాదీ చదివాం. బాగుంది, తేలిగ్గా రాశారు. కానీ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలను బి కణాలు అంటారని, ఎముక మజ్జను ఇంగ్లీషులో బోన్ మారో అంటారు కాబట్టి వాటికి ఆ పేరు వచ్చిందని రాశారు. అది తప్పండీ. ఆ ‘బి’ కోడిది. కోడిపిల్ల తోక కింద, రెట్ట వేసే దారికి పైన, వీపు వైపున ఒక చిన్న సంచి ఉంటుంది. దాని పేరు బర్సా. ఆ బర్సాలోని మొదటి అక్షరమే ఈ ‘బి’. మనుషుల్లో ఆ కణాలు ఎముక మజ్జలో తయారవుతాయన్నది నిజమే, అక్షరం కలవడం మాత్రం కాకతాళీయం.

నేను డాక్టర్ని కాను. బీఎస్సీ జువాలజీ చదివి నాలుగేళ్లు ఒక హ్యాచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోట, సూపర్‌వైజరుగా చేసి, ఆ తర్వాత 19 ఏళ్లుగా నూజివీడు వైపు సొంతంగా లేయర్ షెడ్లు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల షెడ్లు, నడుపుతున్నాను. ఇల్లు పటమటలో. ఇంత చిన్న తప్పుకి ఉత్తరం రాయాలా అని మా ఆవిడ అడిగింది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది, నీట్‌కి చదువుతోంది. తన కోచింగులో కూడా ‘బి అంటే బోన్ మారో, గుర్తుపెట్టుకోవడం ఈజీ’ అని చెప్పారట. నేను కాదన్నాను. ఆదివారం మీ పేపరు తెచ్చి నా ముందు పెట్టి, ‘చూడు నాన్నా, వీళ్లు కూడా అదే రాశారు’ అంది. అచ్చులో ఉన్నదానికి విలువ ఎక్కువ కదా, నా మాట ఇంట్లోనే చెల్లలేదు.

అందుకని అదే రోజు మా వీధి చివర చికెన్ కొట్టుకి వెళ్లి, కోడి తోక దగ్గరి భాగం కొట్టకుండా అలాగే ఇమ్మన్నాను. అతను ఆశ్చర్యపోయి ఇచ్చాడు. బ్రాయిలర్ కోడి అంటే ఏడు వారాలు కూడా నిండని పిల్లే కాబట్టి అందులో బర్సా ఇంకా నిండుగా ఉంటుంది. ఇంటికి తెచ్చి పళ్లెంలో పెట్టి పేగు చివర వెతికితే దొరికింది. గోళీకాయ కంటే కాస్త పెద్దది, లేత గోధుమ రంగు, నున్నగా, పట్టుకుంటే గట్టిగా ఉంది. బ్లేడుతో నిలువునా కోసి విప్పితే లోపల మడతలు మడతలుగా, ఇస్త్రీ చేసిన చీర కుచ్చిళ్లలాగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు కనిపించాయి. మా అమ్మాయి వేలితో ఒక్కో మడతా తిప్పి లెక్కపెట్టింది, పన్నెండు అంది. ఆ మడతల్లోనే పదివేల దాకా చిన్న చిన్న గుళికలు ఉంటాయని, ఒక్కో గుళిక బి కణాలు తయారయ్యే ఒక కార్ఖానా అని చెప్పాను. ఇక పేపరు సంగతి ఎత్తలేదు, ‘ఇది గుడ్డులో ఉన్నప్పుడే ఉంటుందా’ అని అడిగింది. అది అసలు ప్రశ్న. మీ వ్యాసంలో చోటు దొరకనిది కూడా అదే.

ఈ సంచిని మొదట వర్ణించింది ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన ఫాబ్రిసియస్. ఆయన పోయాక 1621లో అచ్చయిన పుస్తకంలో దీని గురించి ఉంది, అందుకే దీన్ని ఇప్పటికీ ఫాబ్రిసియస్ బర్సా అంటారు. బర్సా అంటే సంచి అనే అర్థం. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఇది దేనికో ఎవరికీ తెలియలేదు. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి, ఇదెందుకు ఉంది అని తన ప్రొఫెసర్ని అడిగితే, మంచి ప్రశ్న, నువ్వే కనుక్కో అన్నారట. అతను కోడిపిల్లలకు బర్సా తీసేసి పెంచాడు, ఏమీ తేడా కనిపించలేదు. అదే చోట తిమోతి చాంగ్ అనే ఇంకో విద్యార్థి క్లాసులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపించడానికి కోళ్లు కావాలని గ్లిక్ దగ్గర తీసుకున్నాడు. వాటిలో బర్సా తీసేసినవి ఉన్నాయి. సాల్మొనెల్లా సూక్ష్మజీవిని ఎక్కిస్తే మామూలుగా యాంటీబాడీలు రావాలి, చాలావాటికి రాలేదు. క్లాసులో పాఠం చెడింది. ఎవరైనా కోళ్లు బాగోలేదని పక్కన పడేసేవాళ్లే, వీళ్లు మాత్రం ఏవేవి బర్సా లేని కోళ్లో చూసుకున్నారు, యాంటీబాడీలు రానివి అవే.

ఆ ఫలితాన్ని పేరున్న సైన్స్ పత్రికకి పంపితే వాళ్లు తిప్పి పంపారు. చివరికి 1956లో కోళ్ల పెంపకం వాళ్లు చదివే పౌల్ట్రీ సైన్స్ పత్రికలో అచ్చయింది. మనుషుల జబ్బులు చూసే డాక్టర్లు కోళ్ల పత్రిక ఎందుకు చదువుతారు? చాలా ఏళ్లు అది వాళ్ల కంట పడలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అదే రోజుల్లో, 1952లో, అమెరికా సైనిక ఆసుపత్రి డాక్టరు ఆగ్డెన్ బ్రూటన్, మాటిమాటికీ జబ్బు పడే ఎనిమిదేళ్ల పిల్లవాడి రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ అసలే లేదని కనుక్కున్నాడు. అంటే ఒకచోట యాంటీబాడీలు లేని పిల్లవాడు, ఇంకోచోట యాంటీబాడీలు లేని కోడిపిల్లలు, రెండూ ఒకే కథ అని కలిపి చూసేవాళ్లు లేకపోయారు.

కలిపింది మాక్స్ కూపర్ అనే డాక్టరు. 1965లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పీటర్సన్, రాబర్ట్ గుడ్‌లతో కలిసి, అప్పుడే గుడ్డు చీల్చుకుని వచ్చిన పిల్లల్ని తీసుకుని కొన్నింటికి బర్సా తీసేశారు, కొన్నింటికి మెడలో ఉండే థైమస్ అనే అవయవం తీసేశారు, పైగా వాటికి ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. బర్సా లేనివాటికి యాంటీబాడీలు రాలేదు, కానీ వేరే కోడి చర్మం అతికిస్తే అది పరాయిదని గుర్తుపట్టి వదిలించుకోగలిగాయి. థైమస్ లేనివి ఆ పని సరిగ్గా చేయలేకపోయాయి. రోగనిరోధక శక్తికి రెండు వేరు వేరు కొమ్మలున్నాయని అలా తేలింది. థైమస్ కొమ్మకి టి కణాలు, బర్సా కొమ్మకి బి కణాలు అన్న పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. థైమస్ పని 1961లో ఎలుకల్లో కనిపెట్టిన జాక్ మిల్లర్‌కి, ఈ కూపర్‌కి కలిపి 2019లో వైద్య పరిశోధనకి ఇచ్చే లాస్కర్ బహుమతి ఇచ్చారు. మనుషుల్లో బర్సా లేదు మరి మనకి బి కణాలు ఎక్కడ పుడతాయని ఆ తర్వాత ఏళ్ల తరబడి వెతికారు. గర్భంలో ఉండగా కాలేయంలో, పుట్టాక ఎముక మజ్జలో అని తేలింది. అంటే పేరు ముందు వచ్చింది, ఎముక మజ్జ సంగతి తర్వాత తెలిసింది. మీ వ్యాసంలో ఆ వరుస తలకిందులైంది.

ఎక్స్‌రే ఎందుకు పెట్టారన్నది నాకు మొదట అర్థం కాలేదు. సంచి తీసేస్తే చాలదా? చాలదట. ఎందుకంటే పిల్ల బయటికొచ్చే సమయానికే కొన్ని కణాలు తయారై బర్సా వదిలి ఒంట్లోకి వెళ్లిపోయి ఉంటాయి. వాటిని కూడా తుడిచేయడానికే ఆ కిరణాలు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఈ పని మొదలయ్యేది గుడ్డు లోపలే, ఆ 21 రోజుల్లోనే.

హ్యాచరీలో చేసినవాళ్లకి ఈ 21 రోజులు చెయ్యి తిరిగిన లెక్క. గుడ్లు 18 రోజులు సెట్టర్ అనే పొదిగే యంత్రంలో, ఆఖరి 3 రోజులు పిల్లలు బయటికొచ్చే హ్యాచర్ యంత్రంలో. చీకటి గదిలో గుడ్డు వెనక లైటు పెడితే నాలుగో రోజుకి ఎర్రటి సాలీడు కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు రక్తనాళాలు కనిపిస్తాయి, మధ్యలో నల్లటి చుక్కలా పిల్ల కన్ను. పిల్ల కాని గుడ్లు పగలగొట్టి ఏ రోజు చచ్చిందో చూసి రాసుకోవడం నా డ్యూటీ. వేల గుడ్లు పగలగొట్టి ఉంటాను. రెక్కలు ఎప్పుడొచ్చాయి, ముక్కు ఎప్పుడొచ్చింది, సొన ఎప్పుడు కడుపులోకి పోయింది, ఇవే చూసేవాళ్లం. ఆ పిండం లోపల ఇంత పెద్ద ప్రయాణం జరుగుతోందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ఆ ప్రయాణం ఇలా ఉంటుంది. పిండంలో మొదటి రక్తం పచ్చసొనను చుట్టుకుని ఉండే సొన సంచి మీద పుడుతుంది. కాబట్టి జీవితాంతం రక్తాన్నిచ్చే మూలకణాలు కూడా అక్కడి నుంచే వస్తాయని చాలాకాలం అనుకున్నారు. దాన్ని తేల్చింది కౌజు పిట్ట. మన దగ్గర రోడ్ల పక్కన వేయించి అమ్ముతారే, ఆ జాతి పిట్టలే. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారన్ అనే ఆవిడ 1969లో ఒక సంగతి గమనించారు. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కౌజు పిట్ట కణం నడిబొడ్డున ఒక నల్లటి ముద్ద కనిపిస్తుంది, కోడి కణంలో అది కనిపించదు. అంటే కౌజు పిట్ట పిండం ముక్క తెచ్చి కోడి పిండంలో పెడితే ఏ కణం ఎవరిదో ఎన్నాళ్లయినా చెప్పేయొచ్చు, దేవుడు ముద్ర వేసి పంపినట్టే. ఇదే ఉపాయంతో 1975లో ఫ్రాన్స్‌వాజ్ దియెతెర్లెన్ అనే ఇంకో శాస్త్రవేత్త, కోడి గుడ్డు సొన సంచి మీద కౌజు పిండాన్ని అతికించి పెంచి చూశారు. పెరిగిన పిండంలో థైమస్‌లో, బర్సాలో ఉన్న కణాలు సొన సంచి నుంచి వచ్చినవి కావు, పిండం ఒంట్లోంచి వచ్చినవే. తర్వాత వెతికితే, మూడో రోజు, నాలుగో రోజు ప్రాంతంలో, వీపు పొడుగునా పోయే పెద్ద ధమని అడుగు గోడలోంచి ఈ మూలకణాలు గుత్తులు గుత్తులుగా పొడుచుకొచ్చి రక్తంలో కలుస్తాయని తెలిసింది. మనుషుల్లోనూ ఇదే పద్ధతి. నేను లైటు పెట్టి సాలీడు కాళ్లు చూస్తున్న రోజుల్లోనే లోపల అది జరుగుతోందన్నమాట.

అలా పుట్టిన కణాలకు అప్పటికి ఏ చదువూ ఉండదు. రక్తంలో తిరుగుతూ ఉంటాయి. 1960ల మధ్యలో ఇంగ్లండులో మూర్, ఓవెన్ అనే ఇద్దరు రెండు గుడ్ల పెంకులకు కిటికీలు కోసి, రెండు పిండాల రక్తనాళాలు కలిసిపోయేలా గుడ్లను జోడించి పొదిగించారు. ఒకటి పుంజు, ఒకటి పెట్ట అయితే క్రోమోజోములు చూసి ఏ కణం ఎవరిదో చెప్పొచ్చు. చూస్తే ఒకదాని కణాలు రెండోదాని థైమస్‌లో, బర్సాలో కాపురం పెట్టి ఉన్నాయి. అంటే ఈ అవయవాలు కణాల్ని తామే పుట్టించవు, బయటి నుంచి వచ్చినవాటిని చేర్చుకుని తీర్చిదిద్దుతాయి.

థైమస్ తలుపు ఎప్పుడూ తీసి ఉండదు. ఆరో రోజు ప్రాంతంలో ఒకసారి, పన్నెండో రోజు ప్రాంతంలో ఇంకోసారి, పద్దెనిమిదో రోజు దగ్గర మూడోసారి, ఇలా మూడు విడతలుగా కణాల్ని లోపలికి రానిస్తుంది. ఒక్కో విడతలో వచ్చినవి రకరకాల టి కణాలుగా వరుసగా తయారవుతాయి. గామా డెల్టా అనే రకం పన్నెండో రోజుకి, ఆల్ఫా బీటా రకాలు పదిహేనో రోజు నుంచి ఒకదాని వెనక ఒకటి. కోడికి థైమస్ మనలాగా ఛాతీలో ఉండదు, మెడకి రెండు వైపులా, ఒక్కో వైపు ఏడు దాకా తమ్మెలుగా, పూసలు గుచ్చినట్టు ఉంటుంది. పోస్ట్‌మార్టం చూసినవాళ్లకి తెలుసు.

థైమస్ చేసే ఇంకో పని, ఏది మనది ఏది పరాయిది అన్నది నేర్పడం. దీన్ని 1987లో లె దువారన్ గారి బృందం చూపించిన తీరు ఎంత చదివినా నాకు తనివి తీరదు. కోడి పిండానికి కౌజు పిట్ట రెక్క మొగ్గను అతికించారు. పిల్ల కౌజు రెక్కతోనే పుట్టింది, మొదట్లో బాగానే ఉంది, తర్వాత దాని ఒళ్లే ఆ రెక్కను పరాయిదని కుళ్లబెట్టేసింది. రెక్కతోపాటు కౌజు పిట్ట థైమస్ మొగ్గను కూడా ఆ పిండంలో పెట్టినప్పుడు మాత్రం ఆ రెక్కను తనదిగానే ఉంచుకుంది. చదువుకునే వయసులో గురువు చెప్పినదే కణాలకు ఆఖరు మాట. మూడోవంతు పొదుగు కూడా పూర్తికాని పిండంలో పెట్టిన చిటికెడు మొగ్గ, పుట్టాక ఆ పిల్ల ఒళ్లు ఏం చేయాలో నిర్ణయించింది.

ఇక బర్సా. నాలుగైదు రోజులకి మొగ్గ తొడుగుతుంది. ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కణాల్ని చేర్చుకుంటుంది, ఆ తర్వాత తలుపు మూసేస్తుంది. మనిషి ఎముక మజ్జ జీవితాంతం కొత్త బి కణాల్ని పుట్టిస్తూనే ఉంటుంది, కోడికి ఆ సౌకర్యం లేదు. ఆ వారం రోజుల్లో వచ్చి చేరినవే దాని ఆస్తి. ఒక్కో గుళికలోకి చేరేది రెండో మూడో కణాలు, అవే పెరిగి లక్షలవుతాయి.

వేల రకాల రోగాలకి వేల రకాల యాంటీబాడీలు కావాలి కదా, అవి ఎలా వస్తాయి? మనిషికి జన్యువుల్లో బోలెడు రకాల ముక్కలుంటాయి, కలిపి కొత్తవి చేసుకుంటాడు. కోడికి అలా లేదు, పనికొచ్చే ముక్క ఒక్కటే. 1980లలో పారిస్‌లో క్లాడ్ ఆన్యెస్ రేనో, జాన్ క్లాడ్ వేల్ దీని గుట్టు విప్పారు. యాంటీబాడీలో బరువు గొలుసు, తేలిక గొలుసు అని రెండు రకాల ముక్కలుంటాయి, ఆ తేలిక గొలుసుకి సంబంధించి పనిచేసే జన్యువు ఒకటి, దాని పక్కన సొంతంగా పనికిరాని నకలు జన్యువులు 25 ఉంటాయి. బర్సాలో కూర్చున్న బి కణం ఆ చిత్తు కాగితాల్లోంచి ఇక్కడో మాట అక్కడో మాట ఎత్తి అసలు కాగితంలో అతికిస్తుంది. మళ్లీ మళ్లీ అతికిస్తుంది. ప్రతి కణం తన కాగితం వేరుగా దిద్దుకుంటుంది కాబట్టి కోట్ల రకాలు వస్తాయి. ఈ దిద్దుబాటు పొదుగు పదిహేనో రోజు దాటాక మొదలై, పిల్ల పుట్టాక వారాల తరబడి సాగుతుంది. తప్పు దిద్దుకున్నవి అక్కడే చచ్చిపోతాయి, నూటికి తొంభై అయిదు పైమాటే. నెగ్గి బయటపడేది ఆ కాస్తే. కోడి గుడ్డు పెట్టే వయసుకి బర్సా ఎండిపోయి మాయమవుతుంది, అప్పటికే ఒంట్లోకి వెళ్లిన కణాలతోనే ఇక బతుకంతా.

ఇదంతా పుస్తకాల కోసం రాయడం లేదండీ. నేను ఇది నేర్చుకుంది డబ్బు పోగొట్టుకుని.

ఐదేళ్ల కిందట వేసవి దాటాక 8 వేల లేయర్ పిల్లల బ్యాచ్ దింపాను. రెండు వేర్వేరు తల్లి కోళ్ల మందల నుంచి వచ్చిన పిల్లలు, ఆ సంగతి బిల్లులో లేదు, నేనూ అడగలేదు. మారెక్స్ అనే వైరస్ జబ్బుకి టీకా హ్యాచరీలోనే వేశారు. కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా వేసే లసోటా టీకా మొదటి వారంలో నేనే కంట్లో చుక్క వేయించాను. గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బు టీకా అందరూ వేసే రోజునే నీళ్లలో కలిపి పెట్టాను. రెండో వారం చివర్లో పిల్లలు రెండు మూడు రోజులు కాస్త నీరసంగా ఉన్నాయి, రెట్ట తెల్లగా పల్చగా పడింది, ఓ పదిహేను చచ్చిపోయాయి. వాన పడి ఊక తడిసింది, చలి తగిలిందనుకున్నాను. తేరుకున్నాయి. దాణా తింటున్నాయి, పెరుగుతున్నాయి, టెన్షన్ లేదనుకున్నాను.

ఏడో వారంలో కొక్కెర తెగులు వచ్చింది. మెడలు మెలితిరిగిపోయి, పచ్చరెట్ట వేస్తూ, పొద్దున లేచి షెడ్డులోకి వెళ్తే వరసలు వరసలుగా పడి ఉండేవి. మూడు వేలకి పైగా పోయాయి. లసోటా వేశాను కదా, మళ్లీ రెండోసారి కూడా వేశాను కదా, టీకా పాడైపోయినది అమ్మారని మందుల కొట్టు ఆయన మీద పడి నానా మాటలూ అన్నాను. ఆయన తప్పేమీ లేదని తర్వాత తెలిసింది, వెళ్లి క్షమించమని అడిగాను.

చచ్చిన పిల్లల్ని తీసుకుని ఒక పశువైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన మెడ, శ్వాసనాళం చూసి, తర్వాత నేరుగా తోక వైపు కోశారు. చిమటాతో ఏదో పట్టుకుని నా అరచేతిలో పెట్టారు. శనగ గింజంత ఉంది, ముడుచుకుపోయి, బూడిద రంగులో. ‘ఈ వయసుకి ఇది ప్లీహం కన్నా పెద్దగా ఉండాలి, చూడండి ఎంతుందో’ అన్నారు. వరసగా ఆరు పిల్లల్ని కోశారు, ఆరింటికీ అంతే. గంబోరో వైరస్ సరిగ్గా ఈ సంచిలో పెరుగుతున్న బి కణాల్నే తింటుంది. మూడు నుంచి ఆరు వారాల మధ్య వస్తే పిల్లలు గుంపుగా చచ్చిపోతాయి కాబట్టి రైతుకి తెలుస్తుంది. మూడు వారాల లోపు వస్తే పైకి పెద్దగా ఏమీ కనిపించదు, లోపల సంచి మాత్రం ఖాళీ అవుతుంది. గుడ్డులో ఉండగానే, పొదుగు పద్నాలుగో రోజుకే తలుపు మూసేసిన సంచి అది, మళ్లీ నింపేవాళ్లు లేరు. ఇక ఏ టీకా వేసినా అందుకునే కణం ఉండదు. నా లసోటా మంచిదే, దాన్ని అందుకోవడానికి ఆ ఒంట్లో సైన్యం లేదు.

మరి గంబోరో టీకా వేశాను కదా, అది ఎందుకు పనిచేయలేదు? దానికీ జవాబు గుడ్డులోనే ఉంది. తల్లి కోడి తన యాంటీబాడీల్ని పచ్చసొనలో దాచి పెడుతుంది, పొదుగు ఆఖరి రోజుల్లో పిల్ల వాటిని తన రక్తంలోకి తీసుకుంటుంది. మొదటి రెండు మూడు వారాలు పిల్లను కాపాడేది అమ్మ ఇచ్చిన ఆ సద్దిమూటే. మూడు నుంచి అయిదు రోజులకోసారి అది సగమవుతూ పోతుంది. ఆ మూట నిండుగా ఉండగా గంబోరో టీకా వేస్తే, అమ్మ యాంటీబాడీలే టీకాలోని వైరస్‌ని చంపేస్తాయి, టీకా దండగ. మూట ఖాళీ అయ్యాక ఆలస్యంగా వేస్తే, ఈలోపు షెడ్డులో ఉన్న అసలు వైరస్ ముందు దూరుతుంది. నా బ్యాచ్‌లో సగం పిల్లల మూట నిండుగా, సగం పిల్లల మూట ఖాళీగా ఉండి ఉంటుందని డాక్టరు గారన్నారు. అందరికీ ఒకే రోజున వేశాను. పిల్లలు దిగిన మొదటి రోజుల్లోనే ఓ ఇరవై పిల్లల రక్తం ల్యాబుకి పంపితే తల్లి యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్తారు, దాన్నిబట్టి టీకా తేదీ లెక్కకట్టొచ్చు. ఆ పరీక్షకయ్యే ఖర్చు నేను పోగొట్టుకున్నదాని ముందు ఎంత!

ఈ మాటలు మా వైపు రైతుల్లో చాలామందికి ఎవరూ చెప్పరు. బ్యాచ్ నీరసపడితే నీళ్లలో యాంటీబయాటిక్ కలుపుతారు. వైరస్‌కి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? తెలిసీ కలుపుతారు, ఏదో ఒకటి చేయాలి కదా అని. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మీ పేపర్లో రోజూ వార్తలు వచ్చాయి, ధరలు, చికెన్ తినొచ్చా తినకూడదా, ఎన్ని కోళ్లు పూడ్చారు అని. అవన్నీ కావాల్సినవే. కానీ కోడి ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనేది ఏమిటి, అది ఏ రోజున తయారవుతుంది, ఏ రోజున పాడవుతుంది అన్నది ఒక్కరోజు కూడా రాలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇన్ని షెడ్లున్నాయి, గన్నవరంలోనే ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అడిగితే విడమరిచి చెప్పే అధ్యాపకులున్నారు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. ముందు ఆ ఒక్క వాక్యం సవరించి వేయండి, బి అంటే బర్సా అని. నీట్ పిల్లలు మీ పేపరు కత్తిరించి దాచుకుంటారు, తప్పు దాచుకోకూడదు. తర్వాత మీ రైతు పేజీలో, మందుల పేర్లు వేసే చోటే, గుడ్డులో ఈ 21 రోజులు ఏం జరుగుతుందో ఒక పశువైద్యుడితో బొమ్మలు వేయించి రాయించండి. చచ్చిన పిల్లను కోసి బర్సాను, ప్లీహాన్ని పక్కపక్కన పెట్టి చూడటం ప్రతి రైతూ నేర్చుకోవచ్చు, ఒక బ్లేడు చాలు. హ్యాచరీల వాళ్లకి కూడా మీ ద్వారా ఒక మాట. పిల్లల బిల్లు మీద తల్లి మంద వయసు, వాటికి గంబోరో టీకా ఎప్పుడు వేశారు, ఒక మందవా రెండు మందలవా అన్నది రాసివ్వండి. మీ దగ్గర ఆ రికార్డు ఉంటుంది, నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నాను. అప్పట్లో నేనూ ఏ రైతుకీ రాసివ్వలేదు.

వచ్చే గురువారం నా షెడ్డులో కొత్త బ్యాచ్ దిగుతోంది, 6 వేల పిల్లలు. ఈసారి ఒకే మంద పిల్లలు కావాలని అడిగి తీసుకుంటున్నాను. శుక్రవారం పొద్దున్నే ఇరవై పిల్లల రక్తం తీయించి ల్యాబుకి పంపుతున్నాం. పరీక్షలు దగ్గర పడ్డా సరే, ఆ ఒక్క పూట తనూ షెడ్డుకి వస్తానంది మా అమ్మాయి.

ఇట్లు,
ఒక కోళ్ల రైతు,
పటమట, విజయవాడ